తీరిక గది

విశాఖపట్నంలో "టైం లేదు" అనే మాట వాడుకలోంచి పోయి చాలాకాలమైంది. 2091 నాటికి ఎవరైనా పొరపాటున ఆ మాట అంటే పిల్లలు వింతగా చూసేవారు. పొద్దున్నే ట్రాముల్లోంచి దిగిన జనం బీచ్ రోడ్డు వెంట బారులు తీరిన దక్షత గదుల్లోకి వెళ్ళేవారు. ఒక్కో గది లిఫ్టు కంటే కాస్త పెద్దది. తలుపు మూసుకుని మళ్ళీ తెరుచుకునే సరికి బయట పావుగంట కూడా గడిచేది కాదు. లోపలికి వెళ్ళినవాడు మాత్రం ఒక పూట పని ముగించుకుని, కళ్ళు లాగుతూ, కడుపు నకనకలాడుతూ బయటికి వచ్చేవాడు. టిఫిను తిని మళ్ళీ లోపలికి. అలా ఒక్క రోజులో మూడు రోజుల పని చేసేవారు.

ఆ గదుల మీద నిలబడ్డ దక్షత సంస్థ భవనం నిండా ఒకటే ముఖం వెలుగుతూ ఉండేది. డాక్టర్ నిశాంత్. 'కాలాన్ని జయించిన శాస్త్రవేత్త' అని కింద అక్షరాలు. ట్రాము స్టాపు దగ్గర స్కూల్ బస్సు కోసం కూతురి చెయ్యి పట్టుకుని నిలబడే శర్వాణి రోజూ ఆ ముఖం వైపు చూసేది. తప్పించుకుని చూడకుండా ఉండే వీలున్నా, చూసేది.

ఎందుకంటే ఆ గదిని కనిపెట్టింది ఆవిడ. అందులో పని చేయించాలని కాదు, పుస్తకం చదువుకోవాలని.

భర్త విడిపోయి వెళ్ళేనాటికి ఇల ఇంకా నడవడం నేర్చుకోలేదు. ప్రయోగశాలలో ఉద్యోగం, ఇంట్లో పిల్ల. శర్వాణికి చిన్నప్పటి నుంచి నవలలంటే ప్రాణం. పొయ్యి దగ్గర గరిటె ఒక చేత్తో, పుస్తకం ఒక చేత్తో పట్టుకుంటే పోపు మాడేది. పిల్లను నిద్రపుచ్చి పుస్తకం తెరిస్తే పిల్ల కంటే ముందు తనకే నిద్ర ముంచుకొచ్చేది. ఎన్ని నెలలైనా అదే పేజీ. ఒకరోజు ఆ పేజీ మీద ఇల పాలు ఒలకబోసింది. శర్వాణి పిల్ల మీద కేకలేసి, ఆ తర్వాత తనే కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ, తను రోజూ పనిచేసే కాలసాంద్రత సమీకరణాల గురించి మొదటిసారి సొంతానికి ఆలోచించింది.

ఒక చిన్న ఆవరణలో గురుత్వ క్షేత్రాన్ని తగినట్టు మడిస్తే, ఆ ఆవరణలో కాలం చిక్కబడుతుంది. బయట నిమిషాలు గడిచేలోపు లోపల గంటలు గడుస్తాయి. అందరూ కాగితం మీద ఒప్పుకున్న సంగతే. శర్వాణి దాన్ని బీరువా అంత పెట్టెలో చేసి చూపించింది. అందులో ఒక వాలుకుర్చీ, ఒక దీపం, గదిని నడిపే యంత్రమేధ. ఆ మేధకు 'నిమ్మళం' అని పేరు పెట్టుకుంది. గదికి తీరిక గది అని.

మొదటిరోజు కుక్కర్ పొయ్యి మీద పెట్టి లోపలికి వెళ్ళింది. సగం నవల చదివి, మధ్యలో ఓ కునుకు తీసి, మళ్ళీ చదివి బయటికి వచ్చింది. కుక్కర్ ఇంకా మొదటి విజిల్ వేయలేదు. వంటింట్లో నిలబడి పిచ్చిదానిలా నవ్వింది. అమ్మ ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా ఇల కూడా నవ్వింది.

గది కాలాన్ని పుట్టించదని శర్వాణికి తెలుసు. లోపల గడిపిన ప్రతి గంటా మనిషి ఆయుష్షులోదే. ఒంటికి అంత వయసూ పైబడుతుంది. రోజుకు ఒక గంట చదువు కోసం అది పెద్ద నష్టం కాదనుకుంది. ప్రయోగశాలలో గది నమూనా చూపించినప్పుడు ఆ మాటే తన పై అధికారి నిశాంత్‌కు కూడా చెప్పింది.

ఆ ఏడాది వానాకాలంలో ఇలకు న్యుమోనియా వచ్చింది. శర్వాణి ఆసుపత్రిలో పిల్ల మంచం పక్కనే ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి ప్రయోగశాలలో ఆవిడ బల్ల ఖాళీగా ఉంది. గది నమూనా నిశాంత్ పేరు మీద నమోదై ఉంది.

"ఇదేమిటండీ?" అని అడిగింది.

నిశాంత్ లేచి నిలబడి, ఎంతో ఆప్యాయంగా ఆవిడ భుజం తట్టాడు.

"పసిపిల్లతో నీకీ గొడవలన్నీ ఎందుకు శర్వాణీ? ఇది ఎంత పెద్ద విషయమో నువ్వు గ్రహించలేదు. హాయిగా ఇంట్లో కూర్చుని నీ నవలలు చదువుకో. నువ్వు కోరుకున్నది అదేగా?"

ఆవిడ కేసు వేస్తే సాక్ష్యం చెప్పడానికి సహోద్యోగులు ఒక్కరూ రాలేదు. ఉద్యోగం పోయింది. ఇంట్లో ఉన్న మొదటి గది మాత్రం మిగిలింది. దాన్ని నిశాంత్ చూడలేదు, అడగలేదు.

ఆ వారమే శర్వాణి పుస్తకం పట్టుకుని అందులోకి వెళ్ళింది. ఒక వాక్యం చదివింది. "హాయిగా నీ నవలలు చదువుకో" అన్న గొంతు వినిపించింది. మళ్ళీ అదే వాక్యం చదివింది. మళ్ళీ అదే గొంతు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని గోడను చూస్తూ కూర్చుంది. బయటికి వచ్చేసరికి నిశాంత్‌ను ఎక్కడ పట్టుకోవాలో ఆవిడకు తెలిసింది.

గదులు అమ్ముకోవడానికి అతను ఒక అబద్ధం ఆడాడు. గోడల్లో 'దేహకవచం' అనే పొర ఉందనీ, ఆకలి, గడ్డం లాంటివి పైపై మార్పులేననీ, గుండె, ఎముకలు మాత్రం బయటి గడియారాన్నే అనుసరిస్తాయనీ ప్రచారం చేశాడు. అలాంటి కవచం సాధ్యం కాదని శర్వాణికి తెలుసు. జనానికి మాత్రం నమ్మాలని ఉంది, నమ్మారు.

అప్పటినుంచి ఇల బడికి వెళ్ళగానే శర్వాణి గదిలోకి వెళ్ళేది. అన్నం ఉడుకుతుండగా వెళ్ళేది. ఇల స్నానం చేస్తుండగా వెళ్ళేది. లోపల అతని ప్రసంగాలన్నీ విన్నది. సమీకరణాలన్నీ తిరగేసింది. అతన్ని ఎక్కడ, ఎవరి ముందు, ఏ మాటతో పడగొట్టాలో ఒకటికి పదిసార్లు ఊహించుకుంది. ఆ ఊహల్లో అతని ముఖం పాలిపోయే క్షణం దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, మళ్ళీ చూసుకునేది. నవలలో నచ్చిన పేజీని మళ్ళీ మళ్ళీ చదువుకున్నట్టు.

"మీరు తెచ్చుకున్న పుస్తకం తెరవలేదు శర్వాణి గారూ," అని ఒకరోజు నిమ్మళం గుర్తుచేసింది.

"తర్వాత."

"దీపం చదువుకు తగ్గట్టు పెట్టాను. తగ్గించమంటారా?"

"తగ్గించు. ఆలోచించుకోవడానికి వెలుతురెందుకు?"

కింది అంతస్తులో గౌరునాయుడని ఒకతను ఉండేవాడు. దక్షత గదుల్లో రెండేసి షిఫ్టులు చేసేవాడు. ఒక ఆదివారం తలుపు తట్టి, లోపలికి రమ్మన్నా రాకుండా గడపలోనే నిలబడ్డాడు.

"మీరు సైంటిస్టంట గదమ్మా. ఒక్క మాట అడుగుదామని వచ్చినాను. నిన్న మా అయ్యా నేనూ బజారుకెల్తే, మీరిద్దరూ అన్నదమ్ములా అనడిగినారు. మా అయ్య నవ్వినాడు గానీ నాకు నవ్వు రానేదు. మోకాళ్ళు పట్టేస్తన్నాయి. సిన్నపిల్ల ఉన్నాదమ్మా నాకు. అది పెద్దదయ్యేదాకా నానుంటానా?"

శర్వాణి అతన్ని, అతనితో పాటు పనిచేసే కొందరిని నగరానికి దూరంగా ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళి ఎముక వయసు పరీక్షలు చేయించింది. తనూ చేయించుకుంది. పుట్టిన తేదీ ప్రకారం గౌరునాయుడు ముప్ఫైల్లో ఉన్నాడు. ఎముకల ప్రకారం యాభై దాటాడు. కవచం లేదనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

"వివరాలన్నీ సిద్ధం చేశాను," అంది నిమ్మళం. "ఆరోగ్య శాఖకూ, పత్రికలకూ ఇప్పుడే పంపించవచ్చు. పంపమంటారా?"

శర్వాణి వాలుకుర్చీలో వెనక్కి వాలింది. ఇప్పుడు పంపితే ఏమవుతుంది? ఒక విచారణ సంఘం వేస్తారు. నిశాంత్ లాయర్లను పంపిస్తాడు. ముఖం చాటేస్తాడు. అతని ముఖం తను చూడలేకపోతుంది. వచ్చే శీతాకాలంలో సముద్రతీరంలో దేశమంతా చూసేలా అతనికి సన్మానం జరగబోతోంది.

"వద్దు. సన్మానం రోజు దాకా ఆగు."

"అందాకా ఆ గదుల్లో పనిచేసేవాళ్ళ వయసు..."

"ఆగమన్నాను."

మెట్ల మీద ఎదురైనప్పుడల్లా, పరీక్షల్లో ఏం తేలిందని గౌరునాయుడు అడిగేవాడు. "ఇంకా కొంచెం సాక్ష్యం కావాలి, కొన్నాళ్ళు ఓపిక పట్టు," అని శర్వాణి చెప్పేది. అతను తల ఊపి, కూతురి ఫీజు కోసం మళ్ళీ షిఫ్టుకు వెళ్ళేవాడు.

సన్మానం రోజు రానే వచ్చింది. వేదిక మీద మంత్రులు, పూలదండలు, మధ్యలో తళతళలాడే కొత్త దక్షత గది. నిశాంత్ ప్రసంగం ముగించి, ప్రశ్నలుంటే అడగమన్నాడు. శర్వాణి లేచింది. ఎవరో ముసలావిడ అనుకుని కార్యకర్త మైకు అందించాడు. నిశాంత్ కూడా మొదట గుర్తుపట్టలేదు.

"నిశాంత్ గారూ, నేను శర్వాణిని. ఈ గది మీదేనంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. మీరెప్పుడైనా ఇందులో కూర్చున్నారా?"

అతను ఆవిడ నెరిసిన జుట్టు వైపు, ముడతల వైపు చూశాడు. చూసి, గతుక్కుమన్నాడు.

"అనేక సార్లు," అన్నాడు తేరుకుని.

"అయితే ఇంకొక్కసారి కూర్చోండి. మేమంతా ఇక్కడే ఉంటాం. ఒక పావుగంట చాలదు, ఈ సాయంత్రమంతా కూర్చోండి. లోపల మీకు నాలుగైదు రోజులవుతుందేమో. కవచం ఉందిగా, మీకేమీ కాదు. అన్నం నీళ్ళు నేను పెడతాను. కావాలంటే నవలలు కూడా ఇస్తాను, హాయిగా చదువుకోండి."

సభలో కొందరు నవ్వారు. ఒక మంత్రి సరదాగా, "వెళ్ళండి డాక్టర్ గారూ, చూద్దాం," అన్నాడు. గది తలుపు తెరుచుకుంది. నిశాంత్ గది వైపు ఒక అడుగు వేసి ఆగాడు. నుదుటి మీద చెమట పట్టింది. కెమెరాలన్నీ అతని కాళ్ళ మీదికి తిరిగాయి. కాళ్ళు వెనక్కి నడిచాయి.

"నాకు... నాకు వేరే కార్యక్రమం ఉంది," అన్నాడు.

"ఒక్క పూటకైనా?" అంది శర్వాణి.

అతను తల అడ్డంగా ఊపాడు. నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు వెనక వరసల్లోంచి గౌరునాయుడు లేచాడు. అతని పక్కన మరొకడు, ఆ పక్కన మరొకతె. లక్షలమందిని ఆ గదుల్లోకి పంపినవాడు తను మాత్రం ఒక్క పూట కూర్చోనన్నాడు. నిమ్మళం పంపిన ఎముకల పరీక్షల ఫలితాలు తెర మీదికి వచ్చేలోపే సభకు విషయం అర్థమైపోయింది. పూలదండలు తెగి అతని మీదే పడ్డాయి. పోలీసులు చుట్టూ చేరకపోతే ప్రాణాలతో బయటపడేవాడు కాదు.

శర్వాణి అతని ముఖం తనివితీరా చూసింది. ఊహించుకున్న దానికంటే బాగా పాలిపోయింది.

నెల తిరక్కుండానే గదులన్నీ మూతపడ్డాయి. నిశాంత్ జైలుకు వెళ్ళాడు. విచారణలో ఎముక పరీక్షలు ఎప్పుడు జరిగాయో కూడా బయటపడింది. ఆ సాయంత్రం గౌరునాయుడు పైకి వచ్చి, ఈసారి కూడా గడపలోనే నిలబడ్డాడు.

"ఎండాకాలంలోనే తెల్సిపోనాదంట గదమ్మా మీకు?"

శర్వాణి అవునన్నట్టు తల ఊపింది.

"అప్పుడే సెప్పుంటే నాను మానేద్దును గదా," అన్నాడు అతను. కోపంగా అనలేదు. ఒక్కో మెట్టూ పట్టుకుని కిందికి దిగి వెళ్ళిపోయాడు. ఆ వారమే ఇల్లు మారిపోయాడు.

గది శర్వాణిదేనని కోర్టు తేల్చింది. ఇక ముందు దాన్ని తీరిక కోసమే వాడాలని, రోజుకు గంటకు మించి ఎవరినీ ఉంచకూడదని చట్టం కూడా చేశారు. ఆవిడ కోరుకున్నవన్నీ జరిగాయి. ఒక సెలవురోజు మధ్యాహ్నం వంట ముగించి, ఏ పనీ లేక, కిటికీ దగ్గర కూర్చుంది. ఇల వచ్చి పక్కన నిలబడింది. పదేళ్ళ పిల్ల, తల్లి జుట్టులో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది.

"అమ్మా, నాకు ఒక గంట గది ఇస్తావా?"

శర్వాణి గుండె ఉప్పొంగింది. ఇన్నాళ్ళకు ఆ గదిలోకి ఒకరు సరైన పని మీద వెళ్ళబోతున్నారు.

"ఇస్తానమ్మా. ఏం చదువుతావు? ఏ పుస్తకం కావాలి?"

"చదవడానికి కాదు. మా క్లాసులో శ్లోక లేదూ, నేను కాపీ కొట్టానని టీచరుకు అబద్ధం చెప్పింది. దాన్ని అందరి ముందూ ఏడిపించాలి. ఎలాగో బాగా ఆలోచించాలి. నువ్వు లోపల కూర్చుని ఆలోచించేదానివి కదా, అలా."

శర్వాణి కూతురి ముఖంలోకి చూసింది. పిల్ల మొహంలో కోపం లేదు. ఎంతో ఓపిక ఉంది.

"ఇల గారూ, దీపం తగ్గించమంటారా?" అని గదిలోంచి నిమ్మళం మర్యాదగా అడిగింది.

శర్వాణి ఒక్క ఉదుటున లేచి వెళ్ళి మెయిన్ స్విచ్ కట్టేసింది. తీగలు పట్టి లాగింది. ఒకటి ఊడి వచ్చింది, ఇంకోటి ఊడి వచ్చింది. నిమ్మళం గొంతు ఆగిపోయింది. తిరిగి చూస్తే ఇల అక్కడే నిలబడి ఉంది.

"వద్దు తల్లీ," అంది శర్వాణి. "ఆ గది ఇంక లేదు. నీకూ లేదు, నాకూ లేదు."

ఇల ఏడవలేదు. బడి సంచీ తెచ్చుకుని, మర్నాటి పుస్తకాలు ఒక్కొక్కటే సర్దుకుంది.

"ఫర్వాలేదులే అమ్మా," అంది. "స్కూల్ బస్సులో ఆలోచించుకుంటాను."