శ్రద్ధగా విన్నవాళ్ళు

హుస్సేన్ పీరాకు ఆ పని అప్పగించింది ధైర్యం చూసి కాదు, యాస చూసి. డిపార్ట్‌మెంటు మొత్తంలో నంద్యాల వైపు సంజామలలో పుట్టినవాడు అతనొక్కడే. 1983 మే మొదటి వారంలో, హైదరాబాదులో కిటికీల్లేని గదిలో, చీఫ్ ఒక ఫోటోను బల్లమీద అతని ముందుకు తోశాడు. మూడడుగుల నల్లరాతి అమ్మవారు.

“ఆళ్ళగడ్డ దాటాక నల్లమల అంచున పాడుబడ్డ గుడిలో ఉంది. ఈ నెల్లో పోతుంది.”

“ఎవరు పట్టుకుపోతారు సార్?”

“టూరిస్టులు. మీ చరిత్ర, మీ సంస్కృతి, మీ అడవులు చూపించండంటారు. మనం దండలేసి మరీ చూపిస్తాం. మూడేళ్ళలో పదకొండు విగ్రహాలు సముద్రం దాటాయి.”

ముఠా నాయకుడు ప్రొఫెసర్ క్రెయిన్ అని, వెంట ఆరుగురు వస్తారని చెప్పారు. పీరాకు వ్యాన్ డ్రైవర్ వేషం ఇచ్చారు. టిఫిన్ డబ్బాలో అమర్చిన ఎలక్ట్రానిక్ డిటెక్టర్ ఒకటి చేతికిచ్చి, పాతరాయి దగ్గర పెడితే ఎర్రలైటు వెలుగుతుందన్నారు. ఢిల్లీ సరుకు కాబట్టి అనుమానించే హక్కు అతనికి లేదు.

నంద్యాల బస్టాండులో అరుణకుమారి కలిసింది. చలవ కళ్ళద్దాలు, నైలెక్స్ చీర, ఆ బస్టాండు ఎన్నడూ ఎరగని సెంటు వాసన. టూరిస్టుల వెంట ఉండే ఆఫీసరుగా అందరికీ తెలుసు, డిపార్ట్‌మెంటు మనిషిగా పీరాకొక్కడికే తెలుసు.

“మహానందిలో నీళ్ళెట్లా ఉన్నాయి?” అంది.

“అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు,” అన్నాడు. కోడ్ కలిసింది.

గైడు దేవసహాయం మాస్టారు. ముప్పై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పి రిటైరైనవాడు, చర్చిలో పెద్ద. చొక్కాకున్న ఇత్తడి గైడు బిళ్ళను రోజూ చింతపండుతో తోమేవాడు. అయిదు రోజులు ఆయన నోరు మూతపడలేదు. రాజుల దగ్గర మొదలుపెట్టి, నల్లమలలో ఏ చెట్టు బెరడు ఏ జబ్బుకు పనికొస్తుందో చెప్పేదాకా వెళ్ళాడు. దొరలు నోట్సు రాసుకున్నారు, మళ్ళీ మళ్ళీ అడిగారు. జీవితంలో అలాంటి విద్యార్థులు దొరకని మాస్టారి మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోయింది. ఫోటోలు తీసుకుంటామంటే గుడి తాళంచెవి కూడా వాళ్ళ చేతికిచ్చాడు. మన గూఢచారి మాత్రం స్టీరింగు మీద కాళ్ళు పెట్టి, మొహాన టవలు కప్పుకుని నిద్రపోయాడు. ఈ పురాణమంతా ఎవడికి కావాలనుకున్నాడు.

ఆరో రోజు పొద్దున్నే పీరా గుడికి వెళ్ళాడు. అమ్మవారు ఉన్నచోటే ఉంది. ప్రతి శుక్రవారం ఆముదం పోసే మణెమ్మ మాత్రం గడప బయట కూలబడి ఉంది.

“ఈయమ్మ మా యమ్మ గాదప్పా,” అంది. “పోసిన నూనె పోసినట్లే కిందికి కారతాంది. తాగడంల్యా.”

దొరల సామాను అప్పటికే చేరిన నంద్యాల రైల్వే స్టేషనుకు పీరా వ్యాన్ పరుగెత్తించాడు. పార్సిల్ షెడ్డులో మేకులు కొట్టిన పెట్టెలు అయిదున్నాయి. ఆళ్ళగడ్డ శిల్పుల దగ్గర అయిదు కొత్త విగ్రహాలు కొన్నట్టు రసీదులున్నాయి. పాపం, పాతదాని పోలికతో చెక్కమంటే శిల్పులు చెక్కారు. ఒకటి గుడిలో నిలబడింది, నాలుగు పెట్టెల్లో ఉన్నాయి, మిగిలిన ఒక్క పెట్టెలో అసలు అమ్మవారు ఉంది. గుంతకల్లు మీదుగా గోవా రేవుకు పోవాల్సిన బండి ఒంటిగంటా నలభైకి.

ఫోన్లో చీఫ్ గొంతు చల్లగా వినిపించింది. “క్రెయిన్ దగ్గర ఎంబసీ ఉత్తరం ఉంది. ఒక్క పెట్టె తెరువు. తప్పయితే క్షమాపణ చెప్పి పంపించెయ్. తాళంచెవి ఇచ్చిన గైడు మీద కేసు రాసి ఫైలు మూసేద్దాం.”

గైడును అప్పటికే రైల్వే పోలీసులు బేడీలు వేసి స్టేషన్ గదిలో కూచోబెట్టారు. పీరా డిటెక్టర్ తీశాడు. నలభైనాలుగు డిగ్రీల ఎండకు దానికి మతి పోయింది. అయిదు పెట్టెలకూ ఎర్రలైటు వెలిగింది. పక్కనున్న తూకం మిషనుకూ వెలిగింది. ఇక తోచక మాస్టారి దగ్గరికి వెళ్ళాడు.

“అయిదిట్లో అసలుది ఏదో ఎట్ల పట్టాల సార్?”

మాస్టారు తలెత్తాడు.

“మొన్న గుడికాడ చెప్తి గదప్పా. నువ్వు టవల కప్పుకోని నిద్రపోతాంటివి.”

పీరా తల దించుకున్నాడు. సిగ్గేసింది. మాస్టారు బేడీల చేతులతోనే పాఠం మళ్ళీ చెప్పాడు. నాలుగు వందల ఏండ్లుగా ఆ రాయి ఆముదం తాగుతోంది. సబ్బు పెట్టి రుద్దినా పోదు. ఎండ సోకితే రాయి చెమరుస్తుంది. అమ్మ ఏడుస్తోందని జనం అంటారు, అది నూనేనని తను టూరిస్టులకు చెబుతాడు.

“నీడన ఏం కనపడదు. ఎండన పెట్టు,” అన్నాడు.

పెట్టెలమీద తడి గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. పొద్దున్నించీ అరుణకుమారమ్మే కప్పిస్తోందని, గంటగంటకూ నీళ్ళు పోయిస్తోందని హమాలీ చెప్పాడు. పట్టాలు లాగేసి పెట్టెల్ని ప్లాట్‌ఫారం మీద ఎర్రటి ఎండలోకి ఈడ్పించేసరికి ఆమె వచ్చేసింది.

“ఎండలో వద్దు పీరా. చెక్క పగిలితే ఎంబసీతో గొడవ,” అంది.

అప్పుడు వెలిగింది అతనికి. గుడి దగ్గర మాస్టారి పాఠం విన్నది దొరలొక్కరే కాదు, ఈమె కూడా. ఆమె చేయి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. లిప్‌స్టిక్ అంత పిస్టల్ బయటికొచ్చింది. పీరా టిఫిన్ డబ్బాను ఆమె మణికట్టు మీదికి విసిరికొట్టాడు. ఢిల్లీ సరుకు ఆ ఒక్కసారికి పనిచేసింది. పిస్టల్ రైలు పట్టాలమీద పడింది, ఆమెను రైల్వే పోలీసులు పట్టుకున్నారు.

తరవాత ఎదురుచూడటమే మిగిలింది. బండి వచ్చింది. క్రెయిన్ గడియారం చూసుకుంటూ నవ్వుతున్నాడు. హమాలీలు మొదటి పెట్టె ఎక్కించారు, రెండోది ఎక్కించారు. గార్డు పచ్చజెండా విప్పాడు. మూడోది ఎత్తబోతుండగా దాని అడుగు పలక మీద అరచెయ్యంత నల్లటి మరక కనిపించింది. పీరా వంగి వాసన చూశాడు. ఆముదం.

గడ్డపారతో పలక ఊడదీశాడు. క్రెయిన్ నవ్వు ఆగిపోయింది.

ఫైల్లో మాత్రం విగ్రహాన్ని కనిపెట్టింది ఢిల్లీ డిటెక్టరని రాశారు. మాస్టారిని పదకొండు రోజుల తరవాత వదిలి, స్థానిక సమాచారం విదేశీయులకు అతిగా చెప్పినందుకు ఇత్తడి బిళ్ళ ఊడబీక్కున్నారు. పీరా ఆయన ఇంటికి వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“ముప్పై ఏండ్లు బళ్ళో చెప్పినా ఒకడూ వినల్యా,” అన్నాడు మాస్టారు. “విన్నోళ్ళు దొంగలైరి. నేనేం జేతునప్పా?”

కేసు తేలేదాకా అమ్మవారు సాక్ష్యం. చీటీ కట్టి, సీలు వేసి, రేకుల కప్పున్న ఒక సర్కారు గదిలో పెట్టారు. ఇప్పటికి నాలుగేళ్ళు. ప్రతి మే నెలలో ఆ గది నేల తడుస్తుంది. గుమస్తా ఇంజనీర్లకు లెటరు రాస్తాడు, వాళ్ళొచ్చి కప్పంతా వెతికి పోతారు. లీకు ఎక్కడుందో ఇంకా దొరకలేదు.