నాలుగో రంగు

డెబ్భై నాలుగో సంవత్సరం, మే నెల. తిరువూరులో అచ్చుపనికి బాలశౌరి చేతికి తిరుగులేదు. రంగు మీద రంగు వెంట్రుకవాసి జరగకుండా కూర్చోబెట్టాలంటే అతనే. ఒకసారి దోమ రెక్క మీద అచ్చేశాడని విస్సన్నపేట సంతలో ఒట్టేసి చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దోమ ఎగిరిపోయింది గానీ అక్షరం చెదరలేదట.

అలాంటి మొనగాడికి ఆ మధ్యాహ్నం చెమటలు కారిపోతున్నాయి.

ప్రెస్సు తలుపులన్నీ మూసి ఉన్నాయి. తీస్తే రోడ్డు దుమ్మంతా పచ్చి సిరా మీద పడుతుంది. లోపల మసక చీకటి, కిరోసిన్ వాసన, తాళ్ల మీద ఆరేసిన కాగితాల గరగర. మామిడిపండ్ల బుట్టలకు అంటించే లేబుళ్లవి. కొమ్మ, రెండు పండ్లు, ఒక చిలక. రంగుకో అచ్చు బ్లాకు, బ్లాకు నిండా సన్నటి చుక్కలు. మొన్న పసుపు వేశాడు. అది ఆరాక నిన్న ఎరుపు వేస్తే పండ్లు నారింజకు తిరిగాయి. ఇవాళ నీలం పడి ఆకులు పచ్చబడ్డాయి. ఇక నలుపే మిగిలింది. గీతలూ నీడలూ తేలి బొమ్మకు ప్రాణం వచ్చేది దానితోనే.

నిన్న ఎరుపులోనే అతనికి అనుమానం తగిలింది. కొమ్మ కింద, బ్లాకులో ఏమీ లేని చోట, ఎర్రచుక్కలు. బ్లాకు కడిగి వేలితో తడిమాడు. అక్కడంతా నున్నగా ఉంది. ఇవాళ నీలం పడేసరికి ఆ చుక్కలు మనిషయ్యాయి. వంగిన భుజాలు. మణికట్టు దగ్గరే ఆగిపోయిన కుడిచెయ్యి. ముఖం ఇంకా రాలేదు.

ఆ భుజాలు బాలశౌరికి తెలుసు. పని నేర్పిన యోసేపువి. రెండేళ్ల కిందట, కాలితో తొక్కి నడిపే ఇదే మెషీనులో వంకరపడ్డ కాగితాన్ని యోసేపు సర్దుతుంటే, "ఎంతసేపు ముసలాడా" అని బాలశౌరి పెడలు తొక్కాడు. చెయ్యి నలిగిపోయింది. నెల తిరక్కుండా మనిషీ పోయాడు. ముసలాడు తనే తొక్కుకున్నాడని బాలశౌరి ఊరంతా చెప్పాడు.

నీలం వేస్తున్న చివరి కట్టలో ఒక కాగితం వంకరగా కూర్చుంది. బాలశౌరి పెడలు మీంచి కాలు తీశాడు. చక్రం పూర్తిగా ఆగనిచ్చాడు. అప్పుడు చెయ్యి పెట్టాడు.

పెడలు కిందికి దిగింది.

అతని రెండు కాళ్లూ నేల మీదే ఉన్నాయి...

చెయ్యి లాక్కున్నాడు. మూసుకున్న ఇనుప పలక గాలి వేళ్లకు తగిలింది.

"నేను తొక్కుతాలేరా," చెవి పక్కనే గొంతు. "నువ్వు సర్దు."

"బాబాయ్... తప్పయింది."

"సర్దరా."

పెడలు మళ్లీ దిగింది. మళ్లీ... మళ్లీ...

తలుపు తెరుచుకుంది. పెడలు ఆగింది. ఓనరు జగన్నాథరావు లోపలికొచ్చి ఒక లేబులు తీసి చూశాడు.

"కొమ్మ కింద కాపలావాణ్ణి కూడా పెట్టారే. బాగుంది. రేపు పొద్దున్నే నలుపు కానిచ్చెయ్ శౌరీ."

"నేను వెయ్యనండి."

"ముఖం లేకుండా పంపమంటావేంట్రా వాణ్ణి?"

"పన్లోంచి తీసెయ్యండి. నలుపు మాత్రం వెయ్యను."

పెరట్లోకెళ్లి కిరోసిన్‌తో చేతులు రుద్దుకున్నాడు. నీలం వదిలింది. గోళ్లలో మిగిలిన ఎరుపూ పసుపూ వదిలాయి. ఒక్కటి వదల్లేదు.

నల్లసిరా డబ్బాకు సీలు ఇంకా తీయలేదు. అయినా అతని కుడి మణికట్టు చుట్టూ, లేబుళ్లు కత్తిరించే చోటుకు గుర్తుగా వేసే సన్నటి నల్లగీత... పచ్చిగా, మెరుస్తూ.