ఉప్పుచేప

“కూరలో ఉప్పు వెయ్యనివ్వవు. ఉప్పుచేప కూడా వద్దంటే మీ నాన్నకి ముద్ద ఎలా దిగుతుందిరా?” రావమ్మ పెనం దించలేదు.

“ఆసుపత్రి మేడం గారు చెప్పింది పచ్చి చేపలమ్మా!”

“చేపలు గుండెకి మంచివని వచ్చి చెప్పింది నువ్వే. మళ్ళీ ఈ మెలికలేంటి?”

మొన్నీమధ్యే గుండెపోటు నుంచి లేచిన బసవయ్య, పెళ్ళాన్నీ కొడుకునీ చూడకుండా రెండు ముక్కలు కంచంలోకి లాక్కున్నాడు. సాయిగణేష్ ఇక వాదించలేదు.

శనివారం పటమట ఆసుపత్రిలో గుండె జబ్బువాళ్ళకీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ తిండి గురించి క్లాసు. చెప్పేది ఆ మేడం గారే, ఉషశ్రీ.

“మీ ఇంట్లో ఉప్పు సంగతేంటండీ?”

“పూర్తిగా మానేశామండీ,” అన్నాడు సాయిగణేష్.

“చూశారా! ఈయన్ని చూసి నేర్చుకోండి.”

ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం అతను నిజాన్ని మింగేశాడు.

క్లాసయ్యాక వాన. ఒకే గొడుగులో బస్టాపు దాకా నడిచారు. “కొడుకంటే మీలా ఉండాలండీ,” అందామె. అంత వానలోనూ అతనికి చెమట పట్టింది.

వారం తిరక్కుండా బసవయ్యకి కాళ్ళు వాచాయి. ఆయాసం పట్టుకుంది. ఆసుపత్రిలో చేర్చారు. ఉషశ్రీ పరుగున వచ్చింది.

“ఉప్పు మానేశారు కదండీ, మరెందుకిలా? డాక్టరుగారు మందులు మార్చాలంటున్నారు.”

సాయిగణేష్ ఆమెని వరండాలోకి పిలిచాడు.

“మానలేదండీ. రోజూ ఉప్పుచేప తింటున్నారు. నాకు తెలుసు. మీ ముందు గొప్పగా కనబడాలని...”

“నా మెప్పు కోసం నాన్నగారి ప్రాణం మీదకి తెచ్చారా?” ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ముందు డాక్టరుగారికి చెప్పండి. శనివారం క్లాసులోనూ చెప్పండి. అప్పటిదాకా నాతో మాట్లాడకండి.”

డాక్టరుకి చెప్పాడు. క్లాసులో నిలబడి, తలెత్తకుండానే అందరికీ చెప్పాడు.

“మా ఇంట్లోనూ అంతే నాయనా! ఉప్పు మానేసి ఆవకాయ నాకుతున్నాం,” అంది వెనక నుంచి ఓ ముసలావిడ. అందరూ గొల్లుమన్నారు. అతను మాత్రం నవ్వలేకపోయాడు.

“కూర్చోండి,” అంది ఉషశ్రీ మెల్లగా. “ఇక మీ మాట నమ్మొచ్చు.”

వానలు వెనకబట్టి చలి మొదలైంది. బసవయ్య కాళ్ళ వాపు తగ్గింది. ఉషశ్రీ కోపం కూడా. క్లాసయ్యాక ఇద్దరూ మళ్ళీ కలిసే బస్టాపు దాకా నడుస్తున్నారు.

ఓ ఆదివారం అక్కా బావా వచ్చారు. అందరూ భోజనాలకి కూర్చున్నారు. సాయిగణేష్ కంచంలోకి చూస్తూనే, గొంతు తగ్గించి అన్నాడు:

“ఉషశ్రీ గారూ నేనూ పెళ్ళి చేసుకుంటున్నాం. విందులో నాన్న తినగలిగిందే అందరికీ వడ్డిద్దాం.”