లెక్క చెప్పే మనిషి

జూన్ వచ్చినా వాన జాడ లేదు. టీ గ్లాసు ఇంకా కడగకముందే యేసురాజు వైండింగు మిషను ముందు కూర్చున్నాడు. రాంగోపాల్‌పేట్‌లో కాలిపోయిన ఫ్యాన్లన్నీ చివరికి అతని ముందు గదికే చేరతాయి. ఈ ఏడు బల్ల నిండింది, మంచం కింద నిండింది, గుమ్మం దాకా వచ్చాయి. వీటికి తోడు స్టేషన్ దగ్గరి లాడ్జీ యజమాని తన ఫ్యాన్లన్నీ ఇక మీకేనన్నాడు.

పని ఇద్దరిది. ఒకరు పిడి తిప్పుతూ రాగి తీగ చుట్టాలి, పక్కన ఇంకొకరు చుట్లు పైకి లెక్కపెట్టాలి. తీగ బిగువు మీద కన్నున్నవాడికి లెక్క నిలవదు. ఇరవై ఏళ్లు ఆ లెక్క అతని భార్య రోసమ్మ చెప్పింది. క్రిస్మస్ ముందు ఆమె పోయినప్పటి నుంచి కూతురు దేవకృప చెబుతోంది.

దేవకృప బీఎడ్ పాసైంది. బోయిన్‌పల్లిలో ఒక బడివాళ్లు సోమవారం వచ్చి చేరమన్నారు. రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అందుకని ఈలోగా లెక్క చెప్పే మనిషిని పెట్టుకుందామంది. యేసురాజు సరేనన్నాడు. సరేనని, వచ్చినవాళ్లను వచ్చినట్టే పంపేస్తున్నాడు.

"తుకారాంకు ఏం తక్కువైంది నాన్నా?"

"నోట్ల పాన్ ఉంటది. అరవై అన్నడో డెబ్భై అన్నడో ఎట్ల తెలుస్తది?"

"రిచర్డు పాన్ తినడు గదా!"

"వాడు చర్చి క్వాయర్ల పాడతడు. లెక్కకు సుత రాగం తీస్తున్నడు. రెండో చరణం అందుకునేసరికి నా చెయ్యి ఆగిపోయింది."

దేవకృపకు నవ్వొచ్చింది. దాన్ని పెదవుల దగ్గరే ఆపుకుంది.

"ఇయ్యాల శుక్రవారం. అక్బర్ బీ ఖాలాను రమ్మన్న. ఇంక ఏం వంక పెడతవో చూస్త."

అక్బర్ బీది గోడకవతలి ఇల్లే. గాజుల బండి అమ్మేసి ఖాళీగా ఉంది. ఆమె ఇంట్లో మాట్లాడితే వీధి చివర రిక్షావాళ్లు బదులు పలుకుతారు. తన పీట తానే తెచ్చుకుని వచ్చింది.

"యాడ కూసోవాలె అన్నా? జెర ఈ ఫ్యాన్లు జరుపు. ఇంట్ల మీరుంటున్నరా, ఇవి ఉంటున్నయా?"

"లెక్క నడుమ మాట్లాడొద్దు, అక్బర్ బీ."

"అల్లా! మూడొందల చుట్ల దాక నోరు మూసుకోవాలెనా?"

"మూసుకుంటే ఎట్ల? లెక్క చెప్పాలె."

"చెప్త తియ్. వేరే ముచ్చట లేకుంట నోరు తెరుసుడే కష్టం."

కానీ షురూ చేశాక నిజంగానే చక్కగా చెప్పింది. ఒక్క అంకె తడబడలేదు. వంటింట్లో దేవకృప గరిట పట్టుకుని వింటూ, సోమవారం కట్టుకోబోయే చీర గురించి మొదటిసారి ఆలోచించింది.

"తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు. స్తోత్రం!"

పిడి ఒక్క ఊపున ఆగింది. తీగ పుటుక్కున తెగింది.

"చాలు," అన్నాడు యేసురాజు, తల ఎత్తకుండా. "రేపటి నుంచి రావద్దు."

అక్బర్ బీ అతని ముఖం కేసి ఒకసారి చూసింది. పీట చంకన పెట్టుకుని, మారుమాట లేకుండా వెళ్లిపోయింది. ఆమె మారుమాట లేకుండా వెళ్లడం ఆ వీధి ఎన్నడూ ఎరగదు.

దేవకృప గరిటతోనే వచ్చింది.

"తప్పు చెప్పిందా?"

"లేదు."

"మరి? నేను పోవుడు ఇష్టం లేకుంటే ఆ మాట నా మొఖం మీద చెప్పు. వచ్చినోళ్లను ఎందుకు అవమానం చేస్తవు? నేను సదువుకున్నది గీ తీగ లెక్కపెట్టనీకా? పెండ్లయి, పిల్లలై, ముసలిదాన్నయిందాక గీడనే కూసోమంటవా?"

యేసురాజు తెగిన తీగ కొసలు రెండూ దగ్గరికి చేర్చి, మళ్లీ వదిలేశాడు.

"ఆ మాట మీ అమ్మది," అన్నాడు.

ప్రతి నూరుకు రోసమ్మ ఒక స్తోత్రం చెప్పేది. ఆ మాట మీద అతను ఊపిరి తీసుకుని మళ్లీ తిప్పేవాడు.

"గోడ అవతల ఇరవై ఏండ్లు విన్నది. లెక్కంటే గట్లనే చెప్పాలె అనుకున్నది పాపం. ఆమె తప్పు లేదు. నువ్వు సుత ఎన్నడూ ఆ మాట అనలే గదా."

"అనరాలే నాన్నా." దేవకృప గరిట కిందికి దించింది. "నూరు కాడ ప్రతిసారి ఆగిన. నువ్వు సుత ఆగుతవు. ఇద్దరం ఏం తెల్వనట్టు మళ్ల షురూ చేస్తం."

యేసురాజు కూతురి కేసి చూశాడు. భార్య చోటు ఖాళీగా ఉంచుతున్నానని ఆరు నెలలుగా అనుకుంటున్నాడు. అందులో బిడ్డను కూర్చోబెట్టానని ఇప్పుడు తెలిసింది.

లేచి, చెప్పులు కూడా తొడుక్కోకుండా పక్కింటికి వెళ్లాడు.

"ఏందన్నా, తెగిన తీగకు పైసలడగనీకొచ్చినవా?" అంది అక్బర్ బీ, బియ్యం చాట దించకుండానే.

"తప్పయింది. మళ్ల రావాలె."

ఆమె చాట పక్కన పెట్టింది. "రోసమ్మ మాట నాకు ఎరుక లేకుంటనే నోటెంబడి వచ్చింది. ఇగ అననన్నా."

"ఏదో ఒకటి అనాలె. నూరు కాడ మాట లేకుంటే నాకు పని నడువది."

అక్బర్ బీ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"షుకర్ అంట. మా దిక్కు స్తోత్రం గదే, నా నోటికి సక్కగుంటది. మీ యేసయ్యకేమన్న తక్లీఫా?"

"ఆయనకేం తక్లీఫ్?"

అంటూనే నవ్వేశాడు. గోడకవతల దేవకృపకు ఆ నవ్వు వినిపించింది. ఎవరిదో పోల్చుకోవడానికి ఆమెకు ఒక క్షణం పట్టింది.

"నవ్వినవని నా జీతం తగ్గిచ్చుకోను, చెప్తున్న!" అక్బర్ బీ కేక కూడా వినిపించింది.

సోమవారం పొద్దున దేవకృప అంచు చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లోపల పని అప్పటికే మొదలైంది.

"నూట నలభై ఒకటి, నూట నలభై రెండు... ఏయ్ కూరగాయల బండీ, కొత్తిమీర కట్ట ఎట్లిస్తున్నవ్?"

"పోయె!" అన్నాడు యేసురాజు. "మళ్ల మొదటికొచ్చింది."

"వస్తే వచ్చింది. రైలేమన్న ఎల్లిపోతున్నదా?"

దేవకృప కాలు కదలలేదు. "నాన్నా, సాయంత్రం జల్దీ వచ్చి ఒక గంట నేను కూసుంట."

యేసురాజు లేచి గుమ్మం దాకా వచ్చాడు. ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వేళ్లకంటిన తీగ వార్నిష్ చూసుకుని వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు బిడ్డా. నువ్వు బడి పిల్లల సంగతి చూసుకో. నిమ్మళంగ రా."

ఆమె మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత వచ్చి కూర్చుని, చుట్టిన తీగంతా విప్పి, భుజం మీది తుండుతో కళ్లు తుడుచుకున్నాడు. అక్బర్ బీ చూసీ చూడనట్టు కొత్తిమీర వేళ్లు తుంచుతోంది.

"ఒకటి అను, అక్బర్ బీ," అన్నాడు.