సత్తా ఎవరిది?

"శాదీ విషయంలో నాకు సత్తా లేదు, నీకూ సత్తా లేదు," అంది బంగారమ్మ.

రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్ల వెనక, తొలకరి జల్లులో తడుస్తూ "నన్ను చేసుకుంటావా?" అని అడిగిన సూరిబాబుకి దొరికిన జవాబు అది. ఆ పిల్ల ఇంకేదో చెప్పబోయింది. అతను ఆగితేగా! సత్తా అంటే అతని ఊళ్లో చేవ, దమ్ము. బొబ్బిలివాణ్ణి పట్టుకుని చేవలేదంటే ఊరుకుంటాడా?

"అయితే ఉన్నోడినే సూసుకో," అని వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా తిల్దా స్టేషనుకి బదిలీ చేయించుకున్నాడు.

కోపం మూడు రోజులుంది. తర్వాత మిగిలిందంతా బెంగే. బియ్యం బస్తాలకు చీటీలు రాస్తుంటే కలంలోంచి ఆమె పేరే వచ్చేది. రాయ్‌పూర్ బండి కూత వింటే ముద్ద దిగేది కాదు. గంట ప్రయాణమే గాని, అభిమానం రెండు నెలలు అడ్డం పడుకుంది.

ఆగస్టులో ఓ పొద్దున స్టేషన్ మాస్టరు హిందీ పేపరు పైకి చదువుతున్నాడు. ఇంగ్లీషువాళ్లు సత్తా అప్పగించి వెళ్తున్నారట.

"దమ్ము ఒకళ్లు అప్పగిస్తే వస్తుందా?" అన్నాడు సూరిబాబు, వచ్చీరాని హిందీలో.

"దమ్మెవరన్నారు? సత్తా అంటే రాజ్యం, హుకుం. ఎవరి మాట చెల్లితే వాళ్లది సత్తా."

సూరిబాబుకి బంగారమ్మ అన్న మాట గుర్తొచ్చింది. ఇక్కడ పుట్టి ఇక్కడి హిందీ బడిలో చదివిన పిల్ల మరి! పెళ్లి మన చేతిలో లేదు, పెద్దవాళ్లని అడగమని చెప్పబోయిందన్నమాట. మధ్యాహ్నం బండే ఎక్కేశాడు.

బంగారమ్మ తండ్రి సత్తిరాజు డ్రైవరు. ఎంత పెద్ద ఇంజన్నైనా ఆపగలడు గాని, తన తల్లి పైడమ్మను ఆపలేడు. ఆ ఇంట్లో పెత్తనమంతా ఆవిడదే.

"మామ్మా, బంగారమ్మని నాకియ్యండి. అది లేకుండా ఉండలేకపోతున్నాను," అన్నాడు సూరిబాబు, కూర్చోకుండానే.

పైడమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఇన్నాళ్లూ ఏటి సేసినావు బాబూ? ఇది తిండి మానీసింది. అడగాల్సినోడు అడక్కపోతే నానెలాగిస్తాను?"

"ఇప్పుడడిగాను కదా."

"నాకిష్టవే. ఇంక సత్తా దానిది. ఎల్లి దాన్నడుగు."

వంటింటి గుమ్మంలో బంగారమ్మ తల వంచుకుని నిలబడి ఉంది. సూరిబాబు అడిగాడు. రెండు నెలలు ఏడిపించినవాణ్ణి ఒక్క నిమిషమైనా నిలబెట్టాలనుకున్నట్టుంది, పలకలేదు. ఆ నిమిషం కూడా నిలవలేక, "ఊఁ" అంది.