నీలం వెల్వెట్, ఎర్ర శాటిన్

"తొందరగా తేల్చండమ్మా! ఈ గౌను సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలి," అంది అమ్మ, కుట్టుమిషను తొక్కుతూనే.

అమ్మ దర్జీ. కుట్టగా మిగిలిన మంచి ముక్కలు కూతుళ్లిద్దరికీ ఇస్తుంది. వాళ్ల గొడవలు పడలేక ఒక పద్ధతి పెట్టింది. ఒకరు ముక్కను మడిచి పంచాలి. రెండోవారు "ఔను" అంటే, మడత దగ్గర కత్తిరించి చెరొకటి తీసుకోవచ్చు. "కాదు" అంటే, ముక్క మొత్తం దిండ్లలో కూరే గుడ్డల సంచిలోకి పోతుంది. మధ్యలో బేరాల్లేవు. ఒకసారి పెద్దది పంచితే, తర్వాతిసారి చిన్నది.

ఈసారి వంతు పెద్దదానిది. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతుందని ఇంట్లో అందరూ దాన్ని లాయరు అంటారు. చిన్నదాన్ని పిడుగు అంటారు. ఎందుకో చెప్పక్కర్లేదు.

బల్ల మీద నీలం వెల్వెట్ ముక్క మెరుస్తోంది. సోమవారం బడిలో బొమ్మల నాటకం. లాయరు చేసిన రాణికి గౌను కావాలి. పిడుగు చేసిన గుడ్లగూబకు రెక్కలు కావాలి.

లాయరు మనసులో లెక్క వేసుకుంది. 'కాదంటే పిడుగుకు ఏమీ రాదు. ఏమీ లేనిదానికన్నా ఏదో ఒకటి నయం. కాబట్టి ఎంత ఇచ్చినా ఔనంటుంది.'

అంచున వేలెడు వెడల్పు మడిచి, "ఇది నీకు," అంది.

పిడుగు ఆ పీలికను చూసింది. అక్కను చూసింది.

"కాదు," అంది.

"పిచ్చిదానా! ఇద్దరికీ లేకుండా పోతుంది!"

"పోనీ."

అమ్మ వెల్వెట్‌ను సంచిలో పడేసింది. మొదటికే మోసం వచ్చింది. లాయరుకు ఏడుపొచ్చింది. కానీ ఏడుపు కన్నా ఆశ్చర్యం ఎక్కువైంది. లెక్క ఎక్కడ తప్పింది?

పరీక్షించి చూద్దామని ప్లేటులో బిస్కెట్ పెట్టుకుని, వరండాలో టీ తాగుతున్న నాన్న దగ్గరికి వెళ్లింది.

"నాన్నా, బిస్కెట్ నాది. రాలిన పొడి నీది. కాదంటే మొత్తం పిచ్చుకలకే. ఏమంటావు?"

"పిచ్చుకలకే వెయ్యి తల్లీ," అన్నాడు నాన్న నవ్వుతూ.

"అదేంటి? పొడైనా దొరుకుతుంది కదా!"

"ఇవాళ పొడికి ఒప్పుకున్నాననుకో. రేపు 'నాన్నకి ఇదే ఎక్కువ' అంటావు."

"అయితే ఎంతిస్తే ఔనంటావు?"

"అమ్మో! ముందే చెబితే సరిగ్గా అంతే ఇస్తావుగా!"

లాయరు బిస్కెట్ చిదిమి పిచ్చుకలకు వేసి, అక్కడే కూర్చుంది. పిడుగు రేపటిని కూడా లెక్కలో వేసుకుంది. తన లెక్కలో రేపు లేదు. నిజం చెప్పాలంటే, తన లెక్కలో పిడుగే లేదు. ఆ పీలిక తనకే ఇచ్చి ఉంటే? తలుచుకోగానే కోపం వచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది.

మర్నాడు ఆదివారం. కర్టెన్లు కుట్టగా ఎర్ర శాటిన్ ముక్క మిగిలింది. తెల్లారితే నాటకం. ఇక వేరే ముక్క లేదు. పైగా వంతు పిడుగుది. 'ఇప్పుడు నాకు నూలుపోగే గతి' అనుకుంది లాయరు.

పిడుగు పెదవి కొరుక్కుంటూ ముక్కను సరిగ్గా మధ్యకు మడిచింది.

లాయరు అడగకుండా ఉండలేకపోయింది. "నిన్న నేను నీకు పీలికే ఇచ్చాను. నువ్వు సగం ఇస్తున్నావేంటి?"

"సగమైతే నువ్వు కాదనవుగా. నా గుడ్లగూబకు రెక్కలు కావాలి."

శాటిన్ జారుడు గుడ్డ. ఒక్కోసారి అమ్మ మాటే వినదు. పిడుగు పక్కకు తిరిగి కత్తెర అందుకునేలోపు కింది పొర జారి మడత పక్కకు జరిగింది. లాయరు వైపు బాగా ఎక్కువ వచ్చింది. పిడుగు అది చూడలేదు. అంత ముక్కతో రాణికి పొడుగు చేతుల గౌను కుట్టొచ్చు.

"ఔనా? కాదా?" అని అడిగింది పిడుగు.

ఒక్క మాట. ఔనంటే చాలు.

"కత్తెర కింద పెట్టు," అంది లాయరు.

"అదేంటక్కా! సగం ఇచ్చానుగా!" పిడుగు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

లాయరు మడత విప్పింది. అంచుకు అంచు కలిపి, మళ్లీ మధ్యకు మడిచి, జారకుండా చుట్టూ గుండుసూదులు గుచ్చింది.

"ఇప్పుడు అడుగు," అంది.