నిండుగా ఉన్న ట్యాంకు

పొద్దున్నే కూతురు కారు బానెట్ ఎత్తి, తండ్రి చేసిన ఇత్తడి ట్యాంకు మూత తీసి లోపలికి తొంగి చూసింది. ఇంజన్ని చల్లబరిచే కూలెంటు నిన్నటికంటే నిండుగా ఉంది. హమ్మయ్య అనుకుని మూత బిగించింది.

"బాగుందా అమ్మా?" అన్నాడు తండ్రి వరండాలోంచి. చేతిలో టీ గ్లాసు వణుకుతోంది.

"ఊ" అంది కూతురు, మొహం తిప్పకుండానే.

ఆ ట్యాంకు దగ్గరే మొదలైంది ఇంట్లో రుసరుస. కారు పాతది. ఇంజను వేడికి పొంగిన కూలెంటు పట్టే ప్లాస్టిక్ ట్యాంకు పగిలిపోతే, ఆ రకం ఇప్పుడు చేయడం లేదన్నారు. బయట చేయిస్తానంది కూతురు. తల్లి ఊరుకుంటేగా! "ఇంట్లో పనిమంతుణ్ణి పెట్టుకుని వీధులు పట్టుకు తిరగడమేంటే? మీ నాన్న చేతికివ్వు" అంది. డాబాల మీదికి నీళ్ల ట్యాంకులు చేసి పిల్లల్ని పెంచినవాడు ఆయన. చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు మూసేసి మనిషి మూగబోయాడు. ఈ పని దొరకగానే మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. రేకు కత్తిరించి, వంచి, కడ్డీ కాల్చి అతుకులకి మాటు వేసి, నీళ్లు పోసి చుక్క కారడం లేదని చూపించి చిన్నపిల్లాడిలా నవ్వాడు. కూతురు నవ్వలేదు. విసురుగా తీసుకెళ్లి బిగించుకుంది.

ఆ కారే ఆమెకు కూడూ గుడ్డా. ఊళ్లోవాళ్ల పిల్లల్ని బడికి దింపి తెచ్చే పని.

ఆ పొద్దున బయల్దేరిన కారు తాడు కట్టించుకుని ఇంకో బండి వెనక ఇల్లు చేరింది. కూతురు తలుపు దబాల్న వేసింది.

"నడిరోడ్డు మీద పొగలు! లోపల పిల్లలు ఒకటే ఏడుపు! తల్లులొచ్చి తీసుకుపోయారు. రేపట్నుంచి నీ బండి మాకొద్దమ్మా అని మొహం మీదే చెప్పారు. చల్లగా ఉందా నాన్నా ఇప్పుడు?"

"నా మాటు కారదే" అన్నాడు తండ్రి మెల్లగా.

"ఇంకా అదే మాట! వణికే చేతులని తెలిసీ నీకిచ్చాను చూడు, నా చెప్పుతో నన్ను కొట్టుకోవాలి! నీ సరదా కోసం నా పొట్ట కొట్టావు!"

"నోరు అదుపులో పెట్టుకో" అని తల్లి అరిచింది.

తండ్రి లేచాడు. చల్లారిన కారు దగ్గరికెళ్లి ట్యాంకు మూతా రేడియేటరు మూతా తీశాడు. ట్యాంకు దాదాపు నిండి ఉంది. రేడియేటరు మాత్రం ఎండిపోయింది. ఆయన చెయ్యి రెంటినీ కలిపే గొట్టం దగ్గర ఆగిపోయింది. గొట్టం ట్యాంకు పైఅంచున ఉంది.

"కారలేదు. రేడియేటర్లోంచి ఇందులోకొచ్చింది, తిరిగి వెళ్లలేదు" అన్నాడు. "డాబా మీది ట్యాంకుకి నిండితే పొర్లిపోయే గొట్టం పైనే పెడతాం. చెయ్యి అలవాటు కొద్దీ పైనే పెట్టేసింది. ఇంజను చల్లారాక రేడియేటరు కూలెంటుని వెనక్కి లాక్కోవాలి కదా. గొట్టం పైనుంటే గాలి తప్ప ఏం లాగుతుంది? తప్పు నాదే అమ్మా."

లోపలికెళ్లి సుత్తి, కత్తెర, మాటు కడ్డీ ఒక్కొక్కటే గోనెసంచిలో వేశాడు. "పాతసామాన్లవాడొస్తే ఇచ్చెయ్యి" అన్నాడు భార్యతో.

అంతే, తల్లికి ఒళ్లు మండిపోయింది. కూతురి మీదికి తిరిగింది. "గొట్టం ఎక్కడుండాలో పాత ట్యాంకు తెచ్చి చూపించమ్మా అని ఎన్నిసార్లు అడిగారే మీ నాన్న? ఏదో ఒకచోట పెట్టు, నాకు టైం లేదు అన్నావు. పాతది గుమ్మం పక్కనే పడుంది! బిగించింది నువ్వు కాదూ? నీ కళ్లేమయ్యాయి?"

కూతురు ట్యాంకు వంక చూసింది. ఎవరూ పోయకుండానే ట్యాంకులో రోజురోజుకీ కూలెంటు పెరుగుతోంది. బండి నడిపే మనిషి, ఎక్కణ్ణుంచి వస్తోందని ఒక్కసారైనా అనుకోవద్దూ! తండ్రి మీద చిరాకుతో ఆ పనివంక సరిగ్గా చూడనైనా చూడలేదు. ఇంతా చేసి ఆయన చేతుల్ని ఆడిపోసుకుంది. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

సంచి లాక్కుని కడ్డీ బయటికి తీసింది. "నాన్నా, గొట్టం అడుక్కి మార్చు."

"నా చెయ్యి..."

"వణికితే వణకనీ. నేను పట్టుకుంటా."

తండ్రి కడ్డీ అందుకున్నాడు. తర్వాత పొయ్యి వెలిగించాడు. కాసేపటికి గయ్యిమన్నాడు. "పిల్లి తోక పట్టుకున్నట్టు పట్టుకుంటావేం! గట్టిగా పట్టు!"

ఆ తిట్టు ఆమెకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

సాయంత్రం రేడియేటరు నింపి, ఊరంతా తిప్పి తెచ్చి, వేడి మీదే ట్యాంకులో పుల్ల ముంచి గుర్తు పెట్టింది. తెల్లారి మళ్లీ ముంచింది. రేడియేటరు మూత తీస్తే అంచు దాకా ఉంది.

"నాన్నా, ట్యాంకులో తగ్గింది!"

"వెనక్కెళ్లిందా?" తండ్రి గబగబా లేచాడు. టీ ఒలికి చొక్కా తడిసింది. పట్టించుకోకుండా వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. "పద. ఆ తల్లులకి నేను చెప్తా, తప్పు నాదని."

కూతురు కళ్లు తుడుచుకుని తాళం తిప్పింది.

"మనదని చెప్పు నాన్నా."